కేబుల్ పెట్టారు, ఫైళ్లు మాత్రం వైఫైలోనే వెళ్లాయి

వీడియో ఎడిటింగ్ చేసే ఒకాయన పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి మారుతున్నారు. రెండింటి మధ్య తానే ఒక నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకుని కాపీ మొదలుపెట్టారు. తీరా చూస్తే ఇంకా మూడు రోజులు పడుతుందని చూపిస్తోంది. "కేబుల్ బాగా లేనట్టుందండీ, మంచిదొకటి పట్టుకురండి" అని నాకు ఫోన్ చేశారు.

కేబుల్ బాగా లేని మాట నిజమే. అయితే ఆ నత్తనడకకూ ఆ కేబుల్‌కూ ఏ సంబంధమూ లేదు. అప్పటిదాకా ఆ కేబుల్‌లో ఒక్క ఫైలు కూడా వెళ్లలేదు. రెండు కంప్యూటర్లను నేరుగా కలపడమంటే వైరు గుచ్చడమే కదా అనుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఇందులో నా పొరపాట్లు కూడా మూడున్నాయి.

అక్కడ ఉన్న సరంజామా

పాతది విండోస్ 7 ప్రొఫెషనల్ నడుస్తున్న డెస్క్‌టాప్. అందులో 1 టెరాబైట్ హార్డ్ డిస్కులు రెండింటిని మదర్‌బోర్డ్ రెయిడ్‌లో కలిపి ఒకే పెద్ద డ్రైవ్‌గా చేసుకున్నారు. స్పీడు కోసం చేసిన ఏర్పాటు అది, రెయిడ్ 0 అంటారు. ప్రతి ఫైలూ ముక్కలై రెండు డిస్కుల్లోకీ వెళుతుంది. ఒక డిస్క్ పోతే రెండోదాంట్లో ఉన్నవి కూడా పోయినట్టే. ఆ డ్రైవ్‌లో 1.4 టెరాబైట్ల పని ఉంది. బ్యాకప్ లేదు. ఈ మాట ఆయన చాలా మామూలుగా చెప్పారు, విన్న నాకే టెన్షన్ పట్టుకుంది.

కొత్తది విండోస్ 11, లోపల ఎస్‌ఎస్‌డీ. రెండు కంప్యూటర్లకూ గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) నెట్‌వర్క్ పోర్టులున్నాయి. రెండూ వైఫై ద్వారా ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నాయి. కొత్తదానికి వైఫై లోపలే ఉంది, పాతదానికి వెనుక యూఎస్‌బీలో గుచ్చిన చిన్న డాంగిల్. ఈ డాంగిల్‌ను గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి చోట నేరుగా కేబుల్ పెట్టడమే మంచి దారా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. మామూలుగా అయితే కాదు. పాత డిస్క్ ఊడదీసి కొత్త కంప్యూటర్‌లో డిస్కుల కోసం ఉండే సాటా పోర్ట్‌కు తగిలిస్తే అంతకంటే తేలికైన పని లేదు. కానీ ఇక్కడున్నది రెయిడ్ 0. ఆ డిస్కులు వేరే మదర్‌బోర్డ్‌కు తగిలిస్తే అది వాటిని ఒకే డ్రైవ్‌గా గుర్తుపడుతుందన్న భరోసా లేదు. గుర్తుపట్టక "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే, కంగారులో ఎవరైనా సరే అనేస్తే, అంతటితో అయిపోయింది. ఎక్స్‌టర్నల్ డిస్క్ వాడదామంటే ప్రతి ఫైలునూ రెండుసార్లు మోయాలి, ఇక్కడ రాసి అక్కడ చదివి. పైగా ఆయన దగ్గర ఉన్నది 500 గిగాబైట్లదే. రౌటర్ ద్వారా కేబుళ్లు వేద్దామంటే ఆ రౌటర్ పోర్టులు 100 మెగాబిట్లవి, 8 బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకు 11 మెగాబైట్లు దాటవు. మిగిలింది నేరుగా కేబులే. ఆయన ఎంచుకున్న దారి సరైనదే.

ఏ దారిలో వెళుతోంది?

నేను వెళ్లేసరికి కొత్త కంప్యూటర్ తెర మీద కాపీ నడుస్తోంది. వేగం సెకనుకు 5 మెగాబైట్లు. కేబుల్ రెండు వైపులా గుచ్చి ఉంది, పోర్టుల దగ్గర లైట్లు వెలుగుతున్నాయి. చూసినవాళ్లెవరైనా కేబుల్‌నే అనుమానిస్తారు.

నేను ముందుగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లాను. అక్కడ ఈథర్‌నెట్‌కు, అంటే కేబుల్‌కు, ఒక గ్రాఫ్, వైఫైకి ఒక గ్రాఫ్ విడివిడిగా ఉంటాయి. ఈథర్‌నెట్ గీత నేల మీద పడుకుని ఉంది. వైఫై గీత నిలకడగా 40 మెగాబిట్ల దగ్గర ఆడుతోంది. 40ని 8తో భాగిస్తే 5. లెక్క సరిపోయింది.

ఆయనకు నమ్మకం కుదరలేదు. "కేబుల్ ఉంది కదండీ, ఇంక వైఫైలో ఎందుకెళుతుంది?" అన్నారు. కాపీ ఆపేసి పాత కంప్యూటర్ వెనుక ఉన్న డాంగిల్ పీకేశాను. కొత్తదాంట్లో తెరిచి ఉన్న షేర్ ఫోల్డర్ కాసేపు తిరిగి తిరిగి, దొరకడం లేదని ఎర్రర్ ఇచ్చింది. కేబుల్ అలాగే గుచ్చి ఉంది.

జరిగింది ఇదీ. ఆయన ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అని నొక్కి, అక్కడ కనబడిన పాత కంప్యూటర్ పేరు మీద క్లిక్ చేశారు. పేరు పట్టుకుని వెళితే విండోస్ ఆ పేరుకు ఏ అడ్రస్ దొరుకుతుందో వెతుక్కుని అటు వెళుతుంది. వైఫైని ఆయన ఎప్పుడో ఇంటి నెట్‌వర్క్‌గా ఒప్పుకున్నారు కాబట్టి అటువైపు ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా ప్రోగ్రామ్) తలుపు తెరిచే ఉంది. కేబుల్ వైపు మాత్రం "గుర్తు తెలియని నెట్‌వర్క్" అని విండోస్ దానంతట అదే పబ్లిక్‌గా లెక్కవేసి మూసేసింది. తెరిచి ఉన్న తలుపు ఒక్కటే కాబట్టి అందులోంచే వెళ్లింది. ఎక్కడా ఎర్రర్ రాదు, కాపీ అవుతూనే ఉంటుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

ఆ డాంగిల్ ఒకే యాంటెన్నాది, లింక్ వేగం 72 మెగాబిట్లు. అది కాగితం మీది లెక్క. చేతికొచ్చేది అందులో సగానికి కాస్త ఎక్కువ. కొత్త కంప్యూటర్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంది కాబట్టి ఆ మాత్రమైనా వచ్చింది. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉండుంటే ప్రతి ప్యాకెట్టూ, అంటే ప్రతి డేటా ముక్కా, అదే గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, ఒకసారి రౌటర్ దాకా, మరోసారి రౌటర్ నుంచి. అప్పుడు మూడు రోజులు కాస్తా ఆరు రోజులయ్యేవి.

డాంగిల్‌ను మళ్లీ పెట్టలేదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది. దాన్ని నెట్‌కు దూరంగా ఉంచడమే మంచిది. పైగా దారి ఒక్కటే మిగిలితే ఎటు వెళుతోందన్న అనుమానం ఉండదు. నేరుగా కలిపేటప్పుడు కనీసం ఒక వైపైనా వైఫై ఆపేయమని నేను అందరికీ చెబుతాను.

ఇక కేబుల్ సంగతి

కేబుల్ తీసి వెలుతురులో పట్టుకున్నాను. పారదర్శకంగా ఉండే ప్లగ్‌లోంచి లోపలి రంగులు కనబడతాయి. ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. 1, 2, 3, 6 స్థానాల్లో తీగలున్నాయి, మిగతా నాలుగు ఖాళీ. ఎవరో ఒకప్పుడు చేత్తో క్రింప్ చేసిన పాత క్రాసోవర్ కేబుల్ అది. ఎవరో తెలిసినవాళ్లు "కంప్యూటర్‌కూ కంప్యూటర్‌కూ కలపాలంటే క్రాసోవర్ కావాలి" అని చెప్పి ఇచ్చారట.

ఆ సలహా ఒకప్పుడు నిజం. 10, 100 మెగాబిట్ల రోజుల్లో కంప్యూటర్ 1, 2 తీగల మీద మాట్లాడేది, 3, 6 తీగల మీద వినేది. కేబుళ్లను ఒకచోట కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లో దానికి తలకిందులు. అందుకే కంప్యూటర్‌కూ స్విచ్‌కూ మధ్య నేరు కేబుల్ (రెండు చివరలా తీగలు ఒకే వరసలో ఉన్నది) సరిపోయేది. రెండు కంప్యూటర్లను నేరు కేబుల్‌తో కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇద్దరూ ఒకే తీగ మీద చెవి పెడతారు, ఎవరికీ ఏమీ వినబడదు. కాబట్టి కేబుల్‌లోనే అడ్డంగా మార్చేవాళ్లు. ఒక చివర 568ఏ రంగుల వరస, రెండో చివర 568బీ వరస. అదే క్రాసోవర్.

1990ల చివర్లో హెచ్‌పీ ఇంజినీర్లు ఈ తిప్పలు తప్పించే పద్ధతి కనిపెట్టారు. పోర్టే అవతలివైపు చూసుకుని, అవసరమైతే లోపల తీగల జతలను తానే మార్చుకుంటుంది. దాన్ని ఆటో ఎమ్‌డీఐ-ఎక్స్ అంటారు. 1999లో రాగి తీగల మీద గిగాబిట్ ఈథర్‌నెట్ ప్రమాణం వచ్చింది. అందులో నాలుగు జతలూ పనిచేస్తాయి, ఒక్కో జత మీద రెండు వైపులకూ ఒకేసారి 250 మెగాబిట్ల చొప్పున వెళుతుంది. మాట్లాడే తీగ, వినే తీగ అన్న తేడాయే లేదు. గిగాబిట్ పోర్టులు దాదాపు అన్నీ కేబుల్ ఎలా ఉన్నా సర్దుకుంటాయి. రెండు వైపుల్లో ఒక వైపు గిగాబిట్ పోర్ట్ ఉన్నా చాలు, మామూలు కేబుల్‌తో పని జరిగిపోతుంది. క్రాసోవర్ కోసం వెతుక్కోవాల్సిన రోజులు పోయి చాలా కాలమైంది.

నాలుగు తీగల కేబుల్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, అది పూర్తిగా పనిచేయకుండా పోదు. రెండు పోర్టులు ముందు 1, 2, 3, 6 మీదే బేరమాడుకుంటాయి. ఇద్దరికీ గిగాబిట్ వచ్చు కాబట్టి గిగాబిట్ అని ఒప్పుకుంటాయి. తీరా మిగతా జతలు చూస్తే లేవు. లింక్ పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. కొన్ని పోర్టులు రెండు మూడుసార్లు ప్రయత్నించి 100 మెగాబిట్లకు దిగి సర్దుకుంటాయి. కొన్ని అలా పడుతూ లేస్తూనే ఉంటాయి. ఇక్కడ మొదటిదే జరిగింది. లైట్ వెలుగుతుంది, పోర్ట్ స్టేటస్‌లో మాత్రం 100 ఎమ్‌బీపీఎస్. లైట్ చూసి సంతృప్తి పడకండి, స్టేటస్ తెరిచి అంకె చదవండి. లైట్ల రంగుకు అర్థం కూడా ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటుంది.

నా బ్యాగ్‌లో ఉన్న మామూలు ఎనిమిది తీగల క్యాట్ 5ఈ ప్యాచ్ కేబుల్ పెట్టాను. రెండు వైపులా 1.0 జీబీపీఎస్ వచ్చింది. దానికి పట్టింది రెండు నిమిషాలు. ఆయన కోరిన పని అంతటితో అయిపోయింది, కానీ ఒక్క ఫైలు కూడా కదలలేదు.

అడ్రసులు ఇవ్వడం

రౌటర్ ఉంటే అడ్రసులు అదే పంచుతుంది. మధ్యలో ఎవరూ లేనప్పుడు రెండు కంప్యూటర్లూ కాసేపు ఎదురుచూసి, తమకు తామే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటాయి. దాంతో కూడా పని జరుగుతుంది. కానీ ఆ ఎదురుచూపు దాదాపు ఒక నిమిషం, పైగా ఏ కంప్యూటర్‌కు ఏ అంకె వస్తుందో ముందే తెలియదు. చేత్తో ఇవ్వడమే నాకిష్టం. పాతదానికి 10.10.10.1, కొత్తదానికి 10.10.10.2, రెండింటికీ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం ఇద్దరికీ ఉమ్మడో చెప్పే అంకె) 255.255.255.0.

గేట్‌వే గడి ఖాళీగా వదలాలి, వెబ్‌సైట్ల పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ గడి కూడా. గేట్‌వే అంటే బయటి ప్రపంచానికి తలుపు, ఈ కేబుల్‌కు అవతల బయటి ప్రపంచం లేదు. ఖాళీ ఎందుకని అక్కడ ఏదో ఒకటి నింపితే, కొత్త కంప్యూటర్ ఇంటర్నెట్‌కు కూడా ఈ కేబుల్ వైపే పరిగెడుతుంది, నెట్ ఆగిపోతుంది.

ఇంకో జాగ్రత్త, అంకెల వరస రౌటర్‌దే అయి ఉండకూడదు. వైఫై 192.168.1 వరసలో ఉంటే కేబుల్‌కు కూడా 192.168.1 ఇచ్చేవాళ్లు చాలామంది. అప్పుడు ఒకే వరస రెండు దారుల్లో ఉంటుంది, విండోస్ తనకు తోచిన దారి పట్టుకుంటుంది. ఒకసారి బాగానే ఉంటుంది, ఒకసారి ప్రింటర్ కనబడదు, ఒకసారి రౌటర్ పేజీ తెరుచుకోదు. వెనకటికి ఒక పనిలో నేనే ఇలా ఇచ్చి గంటసేపు తల పట్టుకుని కూర్చున్నాను. అప్పటి నుంచి 10.10.10 వరసే వాడుతున్నాను, రౌటర్లు దాన్ని అరుదుగా వాడతాయి కాబట్టి.

అడ్రసులు ఇవ్వగానే కొత్త కంప్యూటర్‌లో ఈథర్‌నెట్ కింద "నో ఇంటర్నెట్" అని వచ్చింది. "ఇదిగో, మళ్లీ పోయింది" అన్నారు ఆయన. పోలేదు. ఈ కేబుల్‌లో ఇంటర్నెట్ లేదు, విండోస్ ఉన్న మాటే చెబుతోంది.

నా అరగంట వృథా

ఇక్కడ నా తప్పు. అడ్రసులు ఇచ్చాక పాత కంప్యూటర్ ముందు కూర్చుని కొత్తదానికి పింగ్ కొట్టాను, అంటే "ఉన్నావా" అని పిలిచి జవాబు కోసం చూడడం. "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". మళ్లీ కొట్టాను, అదే. కేబుల్ తీసి పెట్టాను, ఇంకో కేబుల్ మార్చాను, పాత కంప్యూటర్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ మీద కూడా అనుమానపడ్డాను. అరగంట పోయింది.

ఆ తర్వాత గాని ఏఆర్‌పీ పట్టిక చూడాలన్న బుద్ధి పుట్టలేదు. కమాండ్ విండోలో ఏఆర్‌పీ మైనస్ ఏ అని కొడితే, ఎదుటి అడ్రస్ పక్కన దాని నెట్‌వర్క్ కార్డ్ నంబర్ కనబడుతుంది. 10.10.10.2 పక్కన నంబర్ నిక్షేపంగా ఉంది. అంటే "10.10.10.2 ఎవరు?" అని పాతది అడిగింది, "నేనే" అని కొత్తది జవాబిచ్చింది. తీగ బాగుంది, అడ్రసులు బాగున్నాయి. పింగ్‌కు మాత్రం ఫైర్‌వాల్ నోరు మూయించింది.

పింగ్ ఇచ్చే జవాబుల్లో తేడా కూడా గమనించాలి. మన సొంత అడ్రస్ నుంచే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తే, ఎదుటివాళ్లు అసలు దొరకలేదని అర్థం. అప్పుడు కేబుల్, అడ్రస్, మాస్క్ చూడాలి. "టైమ్డ్ అవుట్" వస్తే ఎక్కువసార్లు ఎదుటివాళ్లు ఉన్నారు, పలకడం లేదు. అప్పుడు కేబుల్ మారుస్తూ కూర్చోవడం నేను చేసినలాంటి పని.

తలుపు ఎటువైపు తెరవాలి

ఇలాంటప్పుడు చాలామంది రెండు వైపులా ఫైర్‌వాల్ పూర్తిగా ఆపేస్తారు. పని జరుగుతుంది, నిజమే. మళ్లీ ఆన్ చేయడం మాత్రం మర్చిపోతారు. నాకది నచ్చదు, అవసరం కూడా లేదు.

ఫైళ్లు ఎవరు లాగుతున్నారన్నది ముందు తేల్చుకోవాలి. పాతది తోస్తే కొత్తదాని తలుపు తెరవాలి. కొత్తది లాగితే పాతదాని తలుపు తెరిస్తే చాలు. కొత్తది వైఫైలో ఉంది, నెట్‌లో ఉంది, దాని తలుపు మూసే ఉండనిద్దాం అనుకున్నాను. పాతదానికి ఇప్పుడు కేబుల్ తప్ప వేరే దారే లేదు. కాబట్టి కొత్తదే లాగాలి. పాతదాని నుంచి కొత్తదానికి పింగ్ రాకపోవడం అసలు సమస్యే కాదని అప్పుడు తట్టింది.

పాతదాంట్లో ఆ "గుర్తు తెలియని నెట్‌వర్క్"ను ప్రైవేట్‌గా మార్చాలి. విండోస్ ఒక నెట్‌వర్క్‌ను గేట్‌వే బట్టి గుర్తుపడుతుంది. మనం గేట్‌వే ఇవ్వలేదు కాబట్టి దానికిది ఎప్పటికీ గుర్తు తెలియనిదే. విండోస్ 7లో ఆ పేరు మీద క్లిక్ చేస్తే మారదు. ప్రొఫెషనల్ ఎడిషన్ కావడం కలిసొచ్చింది. లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీలలో అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్ మీద డబుల్ క్లిక్ చేసి, లొకేషన్ ప్రైవేట్ అని పెట్టాను. కొత్తదాని నుంచి పింగ్ వెంటనే పలికింది, ఒక మిల్లీసెకను కూడా పట్టకుండా. కొత్త విండోస్‌లలో ఇదే పని పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్‌తో అవుతుంది.

పాస్‌వర్డ్ దగ్గర కూడా ఒక మెలిక పడింది. పాత కంప్యూటర్‌లో ఆయన ఖాతాకు పాస్‌వర్డ్ లేదు, ఆన్ చేస్తే నేరుగా డెస్క్‌టాప్ వస్తుంది. పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ నుంచి లోపలికి రావడానికి విండోస్ ఒప్పుకోదు, కంప్యూటర్ ముందు కూర్చుంటేనే ఒప్పుకుంటుంది. మరి వైఫైలో ఇంతకు ముందు ఎలా వచ్చారని అడిగాను. పాత కంప్యూటర్‌లోనే మరో ఖాతా ఉందట, దాని పేరూ పాస్‌వర్డూ ఎప్పుడో ఇస్తే కొత్తది గుర్తుపెట్టుకుందట. ఆ ఖాతా అడ్మినిస్ట్రేటర్. అంటే కాపీ చేసే చేతికే తుడిచేసే అధికారం కూడా ఉంది.

అది వద్దనుకున్నాను. పాతదాంట్లో ఈ పని కోసమే ఒక మామూలు ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్‌ను దానికి చదివే అనుమతితో మాత్రమే షేర్ చేశాను. షేర్ అనుమతి ఒకటి, డిస్క్ మీద ఫోల్డర్ అనుమతి ఒకటి, రెండూ విడివిడిగా ఉంటాయి. రెండింట్లో ఏది బిగుతుగా ఉంటే అదే చెల్లుతుంది. చదవడానికి తప్ప దేనికీ వీల్లేదు కాబట్టి కొత్త కంప్యూటర్ వైపు నుంచి ఎవరు ఏం నొక్కినా పాతదాంట్లో ఒక్క ఫైలూ చెరగదు. బ్యాకప్ లేని 1.4 టెరాబైట్లతో ఆడుకుంటున్నప్పుడు ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి.

ఈసారి పేరు పట్టుకుని వెళ్లలేదు. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ వెంటనే 10.10.10.1. అంకె ఇస్తే విండోస్‌కు వెతుక్కునే పని లేదు, కేబుల్ దారే పట్టాలి.

కాపీ

ఒక పెద్ద వీడియో ఫైలు లాగి చూశాను. సెకనుకు 112 మెగాబైట్లు. టాస్క్ మేనేజర్‌లో ఈథర్‌నెట్ గీత పైకప్పుకు తగిలింది. "గిగాబిట్ అంటే 125 రావాలి కదా" అని ఆయన అడిగారు, మంచి ప్రశ్న. 1000ని 8తో భాగిస్తే 125 నిజమే. కానీ ప్రతి ప్యాకెట్టూ తీగ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటే అందులో మన సరుకు 1460 బైట్లు, మిగతాది అడ్రసులు, హెడర్లు, ప్యాకెట్ల మధ్య ఎడం. అలా 118 చిల్లర మిగులుతుంది. విండోస్ మెగాబైట్‌ను 1024 లెక్కన కొలుస్తుంది కాబట్టి తెర మీద అదే 113గా కనబడుతుంది. 110 దాటిందంటే ఆ కేబుల్‌లోంచి ఇంకేమీ పిండలేమని అర్థం. ప్యాకెట్ సైజు 9000కు పెంచే జంబో ఫ్రేమ్‌ల గురించి కొందరు చెబుతారు. ఒక రోజు కాపీ కోసం రెండు వైపులా ఆ సెట్టింగులు కదిలించడం, ఒక వైపు సరిపడక మరో గంట పోగొట్టుకోవడం నాకు దండగ అనిపిస్తుంది.

తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం లాగితే వేగం ఒక్కసారిగా 3, 4 మెగాబైట్లకు పడిపోయింది. ఈసారి నేను కంగారుపడలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన సౌకర్యం కోసం తయారుచేసుకున్న క్యాష్ ఫైళ్లు, చిన్నచిన్నవి, లక్షల్లో ఉన్నాయి. ప్రతి ఫైలుకూ తెరవడం, అనుమతి చూడడం, సృష్టించడం, మూయడం, ఇన్ని మాటలు అటూ ఇటూ నడవాలి. సరుకు తక్కువ, మాటలు ఎక్కువ. ఆ ఫైళ్లన్నీ కలిపి 0.2 టెరాబైట్ దాకా ఉన్నాయి, కొత్త కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వాటిని మళ్లీ తానే తయారుచేసుకుంటుంది. ఆయన్ని అడిగి వాటిని వదిలేశాం. కేబుల్ దారి పట్టాక అన్నిటికంటే ఎక్కువ సమయం ఆదా చేసింది ఈ ఒక్క నిర్ణయమే.

మిగిలిన 1.2 టెరాబైట్లకు రోబోకాపీ వాడాను. విండోస్‌తో పాటే వచ్చే కమాండ్ అది. లోపలి ఫోల్డర్లన్నీ తీసుకోమని, క్యాష్ ఫోల్డర్లు వదిలేయమని, జరిగిందంతా ఒక లాగ్ ఫైలులో రాయమని చెప్పాను. ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఏదైనా ఫైలు చదవలేకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే అది 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నం మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్కేస్తే ఒక్క పాడైన ఫైలు దగ్గర దాదాపు ఏడాది నిలబడుతుంది. రెండుసార్లు చాలు, మధ్యలో 5 సెకన్లు అని చెప్పాను. ఒకేసారి చాలా ఫైళ్లు లాగే ఆప్షన్ వాడలేదు. అవతల ఉన్నవి తిరిగే డిస్కులు, ఎనిమిది ఫైళ్లు ఒకేసారి అడిగితే లోపలి ముల్లు అటూ ఇటూ పరిగెత్తి అసలుకే మోసం వస్తుంది. ఇక ఎమ్‌ఐఆర్ అనే ఆప్షన్ జోలికి పోకండి. అది రెండు వైపులా అద్దంలా ఒకేలా ఉండాలని, మూలంలో లేని ఫైళ్లను గమ్యంలో తుడిచేస్తుంది. దారులు తారుమారైతే మిగిలేది ఏమీ ఉండదు.

మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టి వేరే పని మీద బయటికి వెళ్లాను. గంటన్నర తర్వాత వచ్చేసరికి కొత్త కంప్యూటర్ నిద్రపోయింది. ఎవరూ కీబోర్డ్ ముట్టుకోలేదు కదా, దాని లెక్కలో పని లేనట్టే. ఇది నా రెండో పొరపాటు, స్లీప్ ఆపకుండా వెళ్లడం. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ ఉంటే ఒకటి పడుకున్నా రెండోదాని లింక్ స్విచ్‌తో బతికే ఉంటుంది. నేరుగా కలిపినప్పుడు ఒకరు పడుకుంటే రెండోవారికి కూడా కేబుల్ ఊడిపోయినట్టే లెక్క. స్లీప్ ఆపేసి అదే కమాండ్ మళ్లీ ఇచ్చాను. అప్పటికే వచ్చేసిన ఫైళ్లను సైజు, తేదీ చూసి దాటేసింది, సగంలో ఆగిన ఒక్కదాన్ని మొదటి నుంచి తీసుకుంది. ఎక్స్‌ప్లోరర్‌లో చేసి ఉంటే "ఈ ఫైలు ఇప్పటికే ఉంది, ఏం చేయమంటారు" అన్న ప్రశ్నల దగ్గర కూర్చోవాల్సి వచ్చేది.

సాయంత్రం ఆరున్నరకు పూర్తయింది. లాగ్ చివర రెండు ఫైళ్లు చదవలేకపోయామని ఉంది. డిస్క్ మీద పాడైన చోటు. ఒకటి ఎప్పటిదో ట్రయల్ రెండర్, అక్కర్లేదన్నారు. రెండోది అసలు ఫుటేజ్. ఆయన ముఖం మాడిపోయింది. దాని మెమరీ కార్డ్ ఇంకా తుడవకుండా ఉండబట్టి బతికిపోయారు.

ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు వైపులా సరిచూశాం. అన్ని ఫైళ్లకూ హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె) తీసి పోల్చాలంటే 1.2 టెరాబైట్లూ పాత డిస్కుల నుంచి మళ్లీ ఒకసారి చదవాలి, అంటే మరో మూడున్నర గంటలు. అలసిన డిస్కులను అంత నడిపించడం ఇష్టం లేక, ఆయన ముఖ్యమన్న 20 ఫైళ్లకు మాత్రం విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో హ్యాష్ తీశాం. అన్నీ సరిపోయాయి. పాత కంప్యూటర్‌ను నెల రోజుల దాకా తుడవొద్దని, ఈలోగా కొత్తదానికి ఒక బ్యాకప్ డిస్క్ కొనమని చెప్పాను. పాతదాంట్లో ఆ తాత్కాలిక ఖాతా తీసేశాను, షేర్ ఆపేశాను, పాలసీని మునుపటిలా పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్. కొత్త కంప్యూటర్‌కు వైఫై ఎందుకులే అని రౌటర్ నుంచి కేబుల్ లాగి పెట్టుకున్నారట. "లైట్ వెలుగుతోందండీ, నెట్ మాత్రం రావట్లేదు. ఈ కేబుల్ కూడా పోయినట్టుంది."

కేబుల్ కాదు. పాతదాన్ని అంత శ్రద్ధగా సర్దిన నేను, కొత్తదాంట్లో 10.10.10.2ను అలాగే వదిలేసి వచ్చాను. ఈథర్‌నెట్ సెట్టింగ్‌లో ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చమని ఫోన్‌లోనే చెప్పాను. పది సెకన్లలో నెట్ వచ్చింది.